వధువు నాసాభరణము – స్వర్ణకారుని మాట
(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



పెండ్లికూతురి ముక్కునగ నెంచుకొను విధమును గూర్చి ప్రసంగింపుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. విద్య, వసతిగృహములు, వృత్తిరక్షణము మున్నగు గొప్ప విషయములు చర్చింపబడు ఈ వేదికపై గురివెందగింజంత నగకు చోటెట్లు దొరకెనని కొందరు నవ్వుకొనవచ్చును. వారికి మా మనవి యొక్కటియే. వడ్డాణమునకు, కాసులపేరునకు, వంకీలకు నేడు ప్రభుత్వముద్ర కలదు. ముక్కుపుడకకు మాత్రము చాలవరకు స్వర్ణకారుని మాటయే ముద్ర. కావున మన విశ్వబ్రాహ్మణకులపు పరువు పెద్దనగలకంటె ఈ చిన్ననగయందే ఎక్కువగా పరీక్షకు వచ్చుచున్నది. కొనువారు ఎట్లు ఎంచుకొనవలయునో, చేయువారమగు మనము వారికి ఏమేమి చెప్పవలయునో, ఈ రెంటిని కలిపి విన్నవించెదము.

మొదట ఆచారమునుగూర్చి కొంచెము. ముక్కునగ వేదకాలమునుండి వచ్చుచున్నదని మనవారు సాధారణముగా తలంతురు. అమరకోశమున శిరోభూషణములు, కర్ణభూషణములు, కంఠాభరణములు, మొలనూళ్లు, అందెలు వరుసగా చెప్పబడినవి గాని నాసాభరణమునకు పేరు లేదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పములందలి స్త్రీలకు చెవులనిండ, మెడనిండ, నడుమునిండ నగలున్నవి. ముక్కు మాత్రము బోసిగానున్నది. పూనాలోని భాండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థకు చెందిన పి.కె. గోడే పండితుడు ఈ విషయమును శోధించి, ఈ నగకు సుమారు వేయేండ్లకు మించిన ప్రాచీనత కానరాదని వ్రాసెను. బులాకి అను పేరే తురుష్కభాషనుండి వచ్చినది. ఇది చెప్పుట ఆచారమును తక్కువ చేయుటకు గాదు. వేయేండ్లు సామాన్యమైన కాలమా? అయితే ఇది శాస్త్రము విధించిన శాసనము గాదు. మన తల్లులు ముచ్చటపడి తమదిగా చేసికొన్న అలంకారము. కావున కుడిప్రక్కనా, ఎడమప్రక్కనా, రెండు ప్రక్కలనా యని వియ్యాలవారు పంతములకు పోనక్కరలేదు. తమిళదేశమున కుడిప్రక్క, ఉత్తరదేశమున ఎడమప్రక్క వాడుక యెక్కువ. మన తెలుగునాట అది ఇంటింటికి మారును. ముక్కు కుట్టించుకొన నిష్టపడని కన్యకు నొక్కి పెట్టుకొను నగ చేయించి యిచ్చుటవలన ఏ ధర్మమునకును లోపము రాదు.

ఇక రకములు. పెండ్లిండ్లకు ముఖ్యముగా అడుగబడునవి ముక్కుపుడక, బేసరి, నత్తు, బులాకి. ఒంటిరాతి ముక్కుపుడక నిత్యధారణమునకు తగినది. ఏ ముఖమునకైనను అమరును. బేసరి ఏడెనిమిది రాళ్లను పూవువలె కూర్చిన నగ. నాసాపుటము విశాలముగా నున్నవారికి నిండుదన మిచ్చునుగాని, చిన్నముక్కుపై అంచు దాటి ప్రక్కకు పొడుచుకొని వచ్చును. నత్తు వలయాకారము. వలయము పెద్దదైనకొలది బరువంతయు రంధ్రముపై పడును గనుక దానికొక సన్నని గొలుసు పెట్టి జుట్టునకు తగిలింతురు. ఆ గొలుసు సొగసునకు మాత్రమే గాదు, బరువు మోయుటకు. గొలుసు లేని పెద్దనత్తును ఎవరు చూపినను కొనవలదని మా సలహా. బులాకి రెండు రంధ్రముల నడుమ వ్రేలాడి పైపెదవి దరికి వచ్చును. అది దిగువకు ఎంత సాగిన భోజనమునకు, మాటకు అంత అడ్డము. దాని కొనకు ముత్యము కట్టించువారు, అత్తరు, చెమట ముత్యపు కాంతిని హరించునని యెరిగి, నగ తీసిన వెంటనే మెత్తని గుడ్డతో తుడువవలెను.

ఎంచుకొనునప్పుడు అద్దము ముందు కూర్చుండవలసినది వధువు. తల్లియు, మేనత్తయు, కాబోవు అత్తగారును ప్రక్కన నుండవచ్చును. కాని ఆ నగను మోయునది ఆమె ముక్కు. మన పనివారు నగ చేయుటకు ముందే ఆ పరిమాణమున కాగితపు బిళ్ల కత్తిరించి ముక్కుపై నిలిపి చూపిన, ఎంత పెద్దది తగునో ఆ పిల్లయే చెప్పగలదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి ముక్కునకు రెండు ప్రక్కల మెరయు వజ్రపు పుడకలను దేశమంతయు ఎరుగును. వాని శోభ ముఖమునకు అమరుటయందున్నది గాని పరిమాణమునందు లేదు.

నగకంటె ముందు చూడవలసినది రంధ్రము. ముహూర్తము కుదిరి, శుభలేఖలు పంచి, ఇక పది దినములున్నవనగా పిల్లకు ముక్కు కుట్టించుట నేడు సర్వసామాన్యమైనది. ముక్కుప్రక్కనున్నది మృదులాస్థి, చెవితమ్మెవలె త్వరగా మానదు. పూర్తిగా మానుటకు నాలుగారు మాసములు, ఒక్కొక్కరికి అంతకు మించియు పట్టును. పచ్చిపుండుపై బరువైన బేసరి బిగించిన పిల్ల, మంగళసూత్రధారణవేళ వాచిన ముక్కుతో, నీరుకారు కన్నులతో కూర్చుండవలసి వచ్చును. కాబట్టి వివాహమునకు ఆరు మాసములు ముందుగా కుట్టింపుడు. అంత వ్యవధి లేనిచో ఆ దినమునకు నొక్కుడు నగతో సరిపెట్టుడు. చెవులు, ముక్కులు కుట్టుట తరతరములుగా మన వృత్తిలోని భాగము. అయినను ఒకే సూదితో పదిమందికి కుట్టు కాలము గతించినది. శుద్ధిచేయని సూదివలన కాలేయమును చెరచు వ్యాధియు, ఎయిడ్సు వ్యాధియు అంటగలవు. మనిషికొక క్రొత్త సూది వాడలేనివారు కుట్టక, వైద్యునికడకు పంపుటయే మేలు. గాయము మానిన చోట కండ పెరుగు స్వభావముగలవారు ముందుగా వైద్యుని అడిగి తీరవలెను.

మరియొక సంగతి. మన దక్షిణదేశపు ముక్కుపుడకకు వెనుక బంగారు గొట్టమును, దానిలోనికి ముక్కు లోపలినుండి బిగించు మరశీలయు నుండును. ఈ గొట్టము లావైనది. నేడు అంగళ్లలో తుపాకివంటి సాధనముతో కుట్టిన రంధ్రము సన్నమైనది. సన్నని రంధ్రమున లావు గొట్టమును బలిమిని త్రోయరాదు. పనివాడు రంధ్రమును చూచి గొట్టము చేయవలెను గాని, గొట్టమును చూచి రంధ్రమును పెద్దచేయరాదు.

ఆ మరశీలయే ఈ నగయంతటికిని ప్రాణము. అది వదులైన ముక్కులోపలికి జారును. నిద్రలో ఊపిరితోగూడ ఊపిరితిత్తులలోనికి పోవును. ఇట్టి సంఘటనలు మన దేశమునుండియే వైద్యపత్రికలలో పలుమారులు ప్రకటింపబడినవి. శీల కనబడక, వెంటనే దగ్గు పట్టినచో, ఎచ్చటనో పడిపోయి యుండునని ఊరకుండక ఎక్స్‌రే తీయింపవలెను; లోహము అందులో స్పష్టముగా కనబడును. కొనునప్పుడు మర పలుచుట్లు తిరిగి గట్టిగా కూర్చున్నదా, శీల కొన నునుపుగా నున్నదా, లోపలి నడిమిగోడకు తగులుచున్నదా యని చూడుడు. నగ ముఖమును పట్టుచీర కొంగుపై మెల్లగా రుద్దుడు. పోగు చిక్కుకొన్నచో రాతిని పట్టు గోరు లేచియున్నదన్నమాట. ఏడాదికొకమారు మరను మీ స్వర్ణకారునకు చూపుడు. మన పనివారు ఆ చూపునకు వెల తీసికొనకుండుట కులమునకు భూషణము.

ఇక బంగారముమాట. భారతీయ ప్రమాణముల సంస్థ 2000 సంవత్సరమునుండి బంగారునగలకు హాల్‌మార్కు ముద్ర వేయించు పద్ధతిని నడుపుచున్నది. 2021 జూన్ 16వ తేదీనుండి అది మొదట కొన్ని జిల్లాలలో నిర్బంధమై, తరువాత మరికొన్నింటికి విస్తరించినది. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆరు అక్షరాంకెల గుర్తుగల ముద్రయే చెల్లుబాటు. కాని రెండు గ్రాములకు లోబడిన నగలకు ఈ నిర్బంధము లేదు. కుందనపు పనికిని, పోల్కీ, జడావు నగలకును మినహాయింపు కలదు. ఒంటిరాతి ముక్కుపుడక తూకము సాధారణముగా రెండు గ్రాములకు లోపలనే గదా! అనగా పెండ్లికూతురు ఇతరనగలన్నియు తీసి పెట్టెలో పెట్టిన పిమ్మటను రాత్రింబగళ్లు ధరించు ఈ నగను కొలుచుటకు చట్టము రాదు.

ఇచ్చటనే మన పరీక్ష. 22 కారట్ల బంగారమనగా వేయింట 916 పాళ్లు మేలిమి. 18 కారట్లనగా 750 పాళ్లు. ఒక గ్రాము నగలో ఈ రెంటి భేదము 166 మిల్లీగ్రాములు. గురివెందగింజ యెత్తు సుమారు 121 మిల్లీగ్రాములు గనుక ఆ భేదము గింజకు మించినదే. రాళ్లు పట్టుటకు 18 కారట్లు గట్టివి. వాడుట దోషము గాదు. చెప్పక వాడుట దోషము. బేసరివంటి నగలో గిన్నెగిన్నెకు అతుకు పడును. తక్కువరకపు టంకము పెట్టినచో కరగించిననాడు మేలిమి తగ్గును. ఆ తగ్గుదలను నివారించుటకు వచ్చిన కేడీయమందలి కాడ్మియపు పొగ, ఊదుగొట్టము పట్టిన పనివాని ఊపిరితిత్తులను, మూత్రపిండములను చెరచును. మన బిడ్డల ఆరోగ్యమునకు వెల కట్టి ఆ పని చేయనక్కరలేదు. మేలురకపు టంకముతో కొంచెము ఓపికగా చేయుద ము గాక!

కంసాలి తల్లినగలోనైనను బంగారము తీయక మానడని లోకమున నొక నింద కలదు. ఆ మాట వినని బాలుడు మన కులమున లేడు. 1963 జనవరిలో సువర్ణనియంత్రణ నియమములు వచ్చి, 14 కారట్లకు మించిన నగలను చేయరాదన్నప్పుడు వేనవేల కుంపట్లు చల్లారినవి. ఆ నియంత్రణము 1968లో చట్టమై, 1990లో రద్దయ్యెను. నాడు ప్రభుత్వము మనలను మితిమించి కనిపెట్టెను. నేడు రెండు గ్రాముల లోపల మనలను కనిపెట్టకయే విడిచినది. కనిపెట్టినను, పెట్టకున్నను మన తూకము ఒక్కటే యైన నాడు ఆ నింద తనంతట తానే నశించును. కోపముతో దానిని ఖండించుటకంటె చీటీపై వ్రాసి యిచ్చిన ఒక్క అంకె బలమైన సమాధానము.

రాళ్లనుగూర్చి రెండు మాటలు. కారట్టు అను మాటకు బంగారమునందు మేలిమియని, రాళ్లయందు తూకమని అర్థము. రాతి కారట్టు 200 మిల్లీగ్రాములు. ఈ రెంటిని కలగలిపి చెప్పి మోసగించుట సులభము. రాతి తూకమును బంగారు ధరకు అమ్మరాదు. లక్క నింపిన నగలో లక్కకు బంగారు వెల కట్టరాదు. బ్రెజిలు దేశమున 18వ శతాబ్ది పూర్వభాగమున గనులు బయల్పడువరకు లోకమునకు వజ్రములను ముఖ్యముగా ఇచ్చినది మన దేశమే; అందు కృష్ణాతీరమునందలి కొల్లూరు గనులు ప్రసిద్ధములు. నేడు కర్మాగారమున పెంచిన వజ్రమును కర్బనమే. కంటికి భేదము తెలియదు. వెలలో మాత్రము భేదము మిక్కిలి. పెంచినదైన పెంచినదని, గాజుకెంపైన గాజని చెప్పి అమ్ముడు. నిజము తెలిసి తక్కువవెలకు కొన్నవాడు సంతసించును. తెలియక ఎక్కువవెలకు కొన్నవాడు తరతరములు శపించును.

కొనువారికి మరియొక విన్నపము. ఇచ్చిన నగ వధువు సొత్తు. స్త్రీధనము భార్యదే గాని భర్తదికాని అత్తవారిదికాని కాదని 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము స్పష్టముగా చెప్పినది. కావున చీటీ ఆమె పేర వ్రాయించి ఆమెచేతికే యిండు. ఫలానివారి పిల్లకు ఇన్ని రాళ్ల బేసరి పెట్టిరి, మీరెన్ని పెట్టెదరని మగపెండ్లివారు అడుగుట 1961 నాటి వరకట్ననిషేధ చట్టమునకే విరుద్ధము. అప్పుచేసి కొన్న బేసరికంటె చెల్లించి కొన్న ఒంటిరాయి ఎక్కువ మెరయును. భర్త గతించిన పిమ్మట స్త్రీ ముక్కుపుడకను తీయించు ఆచారము కొన్ని ఇండ్లలో గలదు. ఆమె సొత్తును ఆమె ముక్కునుండి తీయుటకు ఒరుల కెవ్వరికిని హక్కు లేదని మా దృఢవిశ్వాసము.

తుదకు ఈ మహాసభవారి పర్యాలోచనకై నాలుగు నియమములను సమర్పించుచున్నాము. మొదటిది: నగ యెంత చిన్నదైనను బంగారపు మేలిమి, బంగారపు తూకము, రాతి తూకము, తరుగు, మజూరీ వేరువేరుగా చీటీపై వ్రాసి చేవ్రాలు చేయుట. రెండవది: రాయి సహజమో, పెంచినదో, గాజో వ్రాయుట. మూడవది: క్రొత్తసూది లేక కుట్టకుండుట. నాలుగవది: తాము చేసిన నగ మరను ఏటేట ఉచితముగా పరీక్షించి యిచ్చుట. ఇందులో ఏ నియమమునకును పెట్టుబడి అక్కరలేదు. మాటమీద నిలుచుట చాలును.

మన పూర్వులు ఒరగల్లుపై గీటు గీచి బంగారమును పరీక్షించిరి. ఆ చిన్ననగ మన కులమునకే నేడు ఒరగల్లు. దానిపై మన గీటు మేలిమిగా నిలుచుగాక!