గౌతమి ఒడ్డున ఫ్రెంచి విప్లవం



ఎదుర్లంక దగ్గర గౌతమిపై ఉన్న బాలయోగి వారధి ఎక్కితే కాసేపట్లో ఒకప్పటి ఫ్రెంచి స్థావరం యానాం చేరతాం. 1793 జనవరిలో పారిస్‌లో రాజు తల తెగింది. ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ఇంగ్లండుపై యుద్ధం ప్రకటించింది. ఆ ఏడాదే ఆంగ్లేయులు యానాన్ని పట్టుకున్నారు. ఎక్కడి విప్లవం, ఎక్కడి గౌతమి ఒడ్డు!

ఆ రోజుల్లో ఫ్రెంచి సైన్యం ఎలా మారిందో పట్టభద్రులైన మీకు చెప్పాలని వచ్చాను. ప్రభువంశాల అధికారులు చాలామంది దేశం విడిచిపోయారు. సరిహద్దుల్లో శత్రువులు. పాత సైనికుడిది తెల్లకోటు, కొత్త వాలంటీరుది నీలికోటు, ఇద్దరికీ పడదు. పాత బెటాలియన్ ఒకటి, వాలంటీర్లవి రెండు చొప్పున కలిపి ఒకే దళం చేశారు. అందరికీ నీలికోటే. రాజుగారి గుర్రపుశాలలో పనిచేసినవాడి కొడుకు ఓష్ 25 ఏళ్లకే ఒక సైన్యాన్ని నడిపాడు.

నన్ను బాగా కదిలించింది 1794 ఫిబ్రవరి నాటి శాసనం. చదవడం, రాయడం రానివాడికి కార్పొరల్ మొదలు జనరల్ దాకా ఏ పదవీ ఇవ్వకూడదన్నారు. పుట్టుక ఉన్నచోట అక్షరాన్ని నిలబెట్టారు. మీ వంశంలో మొదటి పట్టా మీదే అయినవాళ్లు ఈ సభలో ఎందరో ఉన్నారు. ఆ శాసనం విలువ మీకు నేను వివరించనక్కర్లేదు.

అదే కాలంలో హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచివాడు రేమండ్ పదివేలకు పైగా సిపాయిలకు ఐరోపా కవాతు నేర్పాడు, ఫిరంగులు పోయించాడు. అక్కడి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు అలా వచ్చిందే. విప్లవపు మూడు రంగుల జెండా ఆ దళం ముందు ఎగిరింది. కానీ ఆ జెండా చాటిన సమానత్వంలో మన సిపాయికి వాటా దక్కలేదు. అతనికది జీతం కొలువు, ఆ జీతమూ బాకీయే.

రేపు మీలో కొందరు ఆఫీసుల్లో, సైన్యంలో పదిమందిని నడిపిస్తారు, కాబట్టి ఆ దళం ఏమైందో వినండి. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఆ దళాన్ని రద్దు చేస్తానని ఆంగ్లేయులతో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో సిపాయిలు జీతాల కోసం తమ ఫ్రెంచి అధికారుల మీదే తిరగబడ్డారు. ఆంగ్లేయుల సేన చుట్టుముట్టి, బాకీ ఇప్పిస్తామనగానే సిపాయిలు ఆయుధాలు దించేశారు. యుద్ధమే జరగలేదు. దీన్ని పిరికితనమని నేను అనను. ప్రాణమిచ్చి నిలబెట్టుకోవడానికి ఆ దళంలో తమదంటూ వాళ్లకి ఏమీ లేదు.