ఇరంనుమా నుండి మన ఇంటి దాకా
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైద్రాబాదు ఎర్రగడ్డ ఛాతీ దవాఖానా మనకందరికీ తెలిసినదే. అది నవాబు గారి మహలులో పుట్టిన దవాఖానా అని మాత్రం కొద్దిమందికే తెలుసు. నిజాం ప్రభుత్వంలో మంత్రిగా ఉండిన ఫఖ్రుల్ ముల్క్ దానిని కట్టించి 'ఇరంనుమా' అని పేరు పెట్టినారు. ఇరం అనే పేరు ఖురాన్‌లోని అల్ ఫజ్ర్ సూరాలో ఉన్నది. ఉర్దూ, ఫార్సీ కవులు స్వర్గంవంటి తోటను ఆ మాటతో చెప్పుకున్నారు. ఫలక్‌నుమాలోని 'నుమా'యే ఇక్కడా ఉన్నది. స్వర్గాన్ని చూపే ఆ మేడ తర్వాత తపేదిఖ్, అంటే క్షయ, పట్టినవారికి నీడ అయినది.

వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్టల మీద కూడ క్షయ శానిటోరియం వెలిసింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీలు 1915లోనే ఒకటి తెరిచినారు. గుట్టలు, చెట్లు ఎందుకు వెతికినారంటే, అప్పటికి మందు లేకుండె. 1882లో కాక్ క్రిమిని కనిపెట్టినా, స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. అంతవరకు మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే మందు. మరీజు నెలలు, ఏండ్లు ఇల్లు విడిచి ఉండవలసి వచ్చేది.

ఈ పద్ధతిని మార్చింది మద్రాసు. 1956లో అక్కడ కొందరు పేద రోగులను శానిటోరియంలో, కొందరిని ఇంటి వద్దనే ఉంచి ఒకే మందులిచ్చినారు. 1959లో ఫలితం తేలింది. ఇంటి వద్ద ఉన్నవారూ దాదాపు అంతే బాగుపడ్డారు. అందుకని ఇంట్లోవారికి ఎక్కువగా అంటుకోనూ లేదు.

2015లో ఎర్రగడ్డ దవాఖానాను అనంతగిరికి పంపి, ఆ జాగలో సచివాలయం కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. పేద రోగులకు దూరమవుతుందని అభ్యంతరాలు వచ్చినవి. ఆ ఆలోచన ఆగిపోయింది.

మరీజును దూరంగా పెట్టే కాలం దవాఖానాలలో పోయింది. మన ఇండ్లలో పోయిందా? బీడీలు చేసే తల్లి నెల రోజులు దగ్గినా పొగాకు ఘాటు అంటాము. బిడ్డ సంబంధం చెడుతుందని పరీక్షే చేయించము. తల్లి జబ్బు బయట పడుతుందని నా క్లాసు అమ్మాయి ఒకతె బడే మానేసింది. జబ్బుకు మందున్నది, ఈ భయానికే మందు కావాలె.

నా మనవి ఇంతే. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించండి. సర్కారు దవాఖానాలో పరీక్ష, మందు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలె. బాగనిపించిందని నడుమ ఆపితే జబ్బు మొండిదవుతుంది. తిండి ఖర్చుకు ఇచ్చే నెల డబ్బును 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేసినారు. మన సొసైటీ ప్రతి మొహల్లాకు ఒక నౌజవాను పేరు రాసుకోవాలె. మరీజు వెంట దవాఖానాకు పోయి, ఆరు నెలలు మందు వేసుకున్నారా అని అడిగే మనిషి కావాలె. మా మొహల్లాకు నా పేరు రాయండి.