కళ్లకు కట్టే బడి



పలక మీద అక్షరం తప్పు పోతే ఏం చేస్తారు? తుడిచి మళ్లీ రాస్తారు. ఎవరికీ నష్టం లేదు. పదిసార్లు రాస్తే చెయ్యి కుదురుతుంది. అప్పుడు బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టడానికి భయం ఉండదు.

కాని కొన్ని పనులకు పలక లేదు. విమానం నడపడం నేర్చుకునేవాడు గాలిలో తప్పు చేస్తే ప్రాణమే పోతుంది. బళ్లో లేచి మాట్లాడాల్సిన పిల్లకు నవ్వులపాలవుతానని దిగులు. ఆ దిగులుతో తెలిసిన జవాబు కూడా గొంతులోనే మింగేస్తుంది. "దీనికి చదువు రాదు" అని అందరూ అనుకుంటారు. కొన్నాళ్లకు ఆ పిల్లా అదే నమ్ముతుంది. చదువు అక్కడే ఆగిపోతుంది.

ఇలాంటి పనులకూ పలక లాంటిది ఉంటే?

అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన ఉండేవాడు. వాళ్ల నాన్నకు పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కార్ఖానా ఉంది. ఆర్గాన్ అంటే మన హార్మోనియం లాగే గాలితో మోగే పెద్ద వాద్యం. అందులో వాడే గాలి తిత్తులతో ఆయన 1929లో ఒక బొమ్మ విమానం చేశాడు. అది నేల విడిచి పోదు. కాని లోపల కూర్చుని కర్ర తిప్పితే నిజం విమానం లాగే ఒరుగుతుంది, వంగుతుంది. మొదట్లో దాన్ని ఆట వస్తువుగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో టపా మోసే పని చేపట్టింది. మంచులో, చీకట్లో చాలామంది చోదకులు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆ బొమ్మ విమానాలను కొన్నది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది వాటి మీదే నేర్చుకున్నారు.

1968లో ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త తలకు తొడిగే యంత్రం చేశాడు. అది ఎంత బరువంటే, పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. ఇప్పుడది పెద్ద కళ్లద్దాలంత అయింది. ఒక్కో కంటి ముందు ఒక్కో బొమ్మ వస్తుంది. రెంటికీ కొంచెం తేడా ఉంటుంది. మెదడు ఆ రెంటినీ కలిపి దూరం, దగ్గర చూపిస్తుంది. తల తిప్పితే బొమ్మా తిరుగుతుంది. దీన్నే వర్చువల్ రియాలిటీ అంటారు. "కళ్లకు కట్టినట్టు" అంటాం కదా, అచ్చం అదే!

దీనితో భయం పోతుందా? అమెరికాలో బార్బరా రోత్‌బామ్ అనే ఆమె, ఆమెతోటివాళ్లు పరీక్షించి చూశారు. ఎత్తులంటే భయపడే కాలేజీ విద్యార్థులకు యంత్రంలో వంతెనలు, మేడ అంచులు చూపించారు. అది అబద్ధమని తెలిసినా గుండె దడదడలాడుతుంది. అయినా అక్కడే నిలబడితే దడ మెల్లగా తగ్గుతుంది. మళ్లీ మళ్లీ చేస్తే ధైర్యం వస్తుంది. చివరిదాకా చేసిన 10 మందిలో 7 గురు, ఎవరూ అడగకుండానే, నిజమైన ఎత్తులు ఎక్కారు. ఈ సంగతి 1995లో అచ్చయింది.

మాట్లాడటానికి జంకే విద్యార్థులకూ ఇదే దారి. అద్దాలు పెట్టుకుంటే ఎదురుగా నిండు సభ కనిపిస్తుంది. తడబడినా నవ్వేవారు లేరు. మళ్లీ మొదలుపెట్టవచ్చు. 2014లో గూగుల్ కంపెనీ ఫోను పెట్టి చూసే అట్టపెట్టెను తెచ్చింది. దాంతో తక్కువ ఖర్చుతో బళ్లలో కూడా ఇలాంటి దృశ్యాలు చూపించడం వీలయింది.

జాగ్రత్తలూ ఉన్నాయి. కొందరికి కళ్లు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. ఎక్కువసేపు పెట్టుకోకూడదు. చిన్నపిల్లలకు వద్దని తయారుచేసేవాళ్లే చెబుతారు. పక్కన టీచరు ఉండాలి. పైగా గట్టు మీద ఎంత నేర్చినా చివరికి నీళ్లలో దిగాల్సిందే. బొమ్మ సభలో మాట్లాడిన పిల్ల నిజం సభలోనూ నిలబడాలి.

అసలు గుట్టు అద్దాల్లో లేదు. తప్పు చేసినా నవ్వనిచోటు దొరకడంలో ఉంది. ఆ చోటు ఇంట్లోనూ ఉండవచ్చు. రాత్రి అన్నాలయ్యాక పిల్లను పాఠం పైకి చెప్పమనండి. తడబడితే తిట్టవద్దు, నవ్వవద్దు. "మళ్లీ చెప్పమ్మా" అనండి. రేపు అమ్మమ్మ ముందు, ఎల్లుండి పక్కింటివాళ్ల ముందు చెప్పించండి. ఆ తర్వాత బళ్లో చెయ్యి దానంతట అదే లేస్తుంది.

చర్చించండి:
మీ పిల్లలు దేనికి జంకుతారు?
తప్పు చేస్తే ఇంట్లో ఎవరు నవ్వుతారు? ఎవరు మళ్లీ చెప్పమంటారు?