దంతవైద్య విద్యకు ముందు పునాది మరమ్మతు

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో సంక్రాంతి సందర్భమున జరిగిన తెలుగు కుటుంబముల సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంక్రాంతి సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేను ఏదో సాహిత్య విషయమును ఎన్నుకొందునని వారు తలచి యుందురు. నేను చరిత్ర చదివి బి.ఏ. పట్టము పొందినవాడను, ఢిల్లీ సచివాలయములో 20 ఏండ్లుగా దస్త్రములు త్రిప్పుచున్నవాడను. అట్టివాడు భౌతిక, రసాయన శాస్త్రములను గూర్చి మాట్లాడబూనుట వింతగా తోచవచ్చును. అయినను ఈ కాలనీలో పుట్టి పెరిగినవాడను గనుకను, ఈ సభలోని తల్లిదండ్రులలో పలువురు పిల్లల మార్కుల పట్టికలను చూచి దిగులుపడుచున్నారని విన్నాను గనుకను, నాకు తెలిసిన ఒక సంగతిని మీ ముందుంచ సాహసించుచున్నాను.

మనము ఈ ఊరికెట్లు వచ్చితిమో మీరెరుగుదురు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూరును రైల్వే పట్టణముగా మార్చినది. 1931లో విజయనగరము–రాయపూరు మార్గము పూర్తియైన పిదప బొబ్బిలి, పార్వతీపురము ప్రాంతముల వారికి ఈ ఊరు దగ్గరయ్యెను. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయినది. 2003లో బిలాస్‌పూరే ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైనది. రైల్వే పేరు మారినను, సంచి భుజాన వేసికొని పనికై వచ్చిన మనవారి రాక మాత్రము ఆగలేదు. మా నాయన అట్లే పార్వతీపురము వైపునుండి వచ్చి గాంగ్‌మన్‌గా చేరెను. ఆయనతో మా నాయనమ్మయు వచ్చెను.

నాయనమ్మతో బాటు ఆమె చుట్టయు వచ్చినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో మన స్త్రీలకు అడ్డపొగ అను అలవాటు కలదు. నిప్పున్న కొనను నోటిలోనికి పెట్టుకొని పీల్చుదురు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలిని తాకును. ఈ అలవాటునకు, అంగిలి క్యాన్సరుకు గల సంబంధమును వైద్యపరిశోధకులు ఆ జిల్లాలలోనే నిరూపించినారు. మా నాయనమ్మ అంగిలి మొదట తెల్లబడినది. తరువాత పుండు పడినది. ఆమె ఎవరికిని చెప్పలేదు. నోరు తెరిచి చూపుటకు ఈ వీధిలో దంతవైద్యుడనువాడు అప్పుడు లేడు. ఆస్పత్రికి తీసికొనిపోవు నాటికి వేళ మించిపోయినది. అప్పుడు నేను పదవ తరగతిలో ఉంటిని.

ఈ కథను మా అక్క తన కుమార్తెకు చెప్పెను. ఆ బిడ్డ వీధిలోని స్త్రీలు గుడాకుతో పళ్ళు తోముకొనుటను దినమును చూచుచు పెరిగినది. పొగాకును, బెల్లపు మడ్డిని కలిపి చేసిన ఆ ముద్ద ఛత్తీస్‌గఢ్‌లో ఎంత వాడుకయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆమె 12వ తరగతి ముగియకమునుపే, తాను దంతవైద్యురాలనగుదునని నిశ్చయించుకొన్నది.

అంతలో ఫలితములు వచ్చినవి. నూటికి భౌతికశాస్త్రములో 38, రసాయనములో 44, జీవశాస్త్రములో 61. మొత్తము 300కు 143. ఆమె ఉత్తీర్ణురాలే. కాని బి.డి.ఎస్. ప్రవేశమునకు రిజర్వేషను లేని అభ్యర్థి ఈ మూడు విషయములలో కలిపి 50 శాతము, అనగా 150 మార్కులు తెచ్చుకొనవలెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు, ఇతర వెనుకబడిన తరగతులకు 40 శాతము చాలును. మా బిడ్డకు 7 మార్కులు తక్కువ. ఆ రాత్రి అక్క నాకు టెలిఫోను చేసి, "తమ్ముడూ, దీనికి సైన్సు పట్టదేమోరా! నీవలె ఆర్ట్సులో చేర్పించెదము" అన్నది.

ఆ మాట నన్ను గుచ్చినది. ఎందుకనగా నేను ఆర్ట్సు చదివినది ఇష్టముచేత కాదు. 11వ తరగతిలో భౌతికశాస్త్రమున తప్పితిని. "నీకు సైన్సు పట్టదు" అని ఉపాధ్యాయుడొకరు అన్నారు, నేను నమ్మితిని. చరిత్ర చదివినందుకు నాకు విచారము లేదు. అది నాకు అన్నము పెట్టినది. కాని ఎందుకు తప్పితినో తెలిసికొనకయే విడిచితిని, విచారమంతయు అందుకే.

సెలవు పెట్టి బిలాస్‌పూరు వచ్చితిని. ఫలితముల పిదప రుసుము చెల్లించి, దిద్దిన జవాబు పత్రముల నకళ్ళను సి.బి.ఎస్.ఇ. వారివద్దనుండి తెప్పించుకొనవచ్చును, గడువు స్వల్పము గనుక వెంటనే దరఖాస్తు చేసితిమి. అవి రాగానే అమ్మాయి, నేను చాపమీద పరచుకొని కూర్చుంటిమి. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు పోయినవి, ఎందుకు పోయినవి అని ఒక కాగితముపై వ్రాయించితిని. ఇది సచివాలయపు అలవాటు. దస్త్రము చూడక అభిప్రాయము వ్రాయరాదు.

అందులో ఒక తప్పును చూచి నేను నిర్ఘాంతపడితిని. కిలోవాట్ గంట దేనికి ప్రమాణము అని ప్రశ్న. అమ్మాయి 'పవర్' అని వ్రాసినది. అడుగగా, "ట్యూషను మాస్టారు శక్తి అనిరి, అమ్మయు కరెంటు శక్తి అనునది, ఆ రెండును ఒకటే కదా మామయ్యా!" అన్నది. తెలుగు పాఠ్యపుస్తకములో శక్తి యనగా ఎనర్జీ, పవరును సామర్థ్యమందురు. హిందీ పుస్తకములో ఎనర్జీ ఊర్జా. పవరును శక్తి యందురు. మాట ఒకటే, అర్థములు రెండు! నేను హిందీ మాధ్యమమున చదివితిని. వేసవి సెలవులలో పార్వతీపురము పోయి మా పెదనాన్న కుమారుని తెలుగు పుస్తకములో పాఠము నేర్చుకొని వచ్చి, పరీక్షలో పనిచేయగల గుణమునకు శక్తి యని హిందీలో వ్రాసితిని. సున్న వచ్చినది. ఆ సున్నకు కారణము నాకు 25 ఏండ్ల తరువాత, మేనకోడలి పత్రము ముందు కూర్చున్నపుడు తెలిసినది.

ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ట్యూషనులో హిందీ, పుస్తకములో ఇంగ్లీషు. ఇన్ని నీళ్ళు త్రాగు మన పిల్లలకు బుద్ధి తక్కువని ఎవ్వరును అనలేరు. కాని ఈ చిక్కును ఎవరో ఒకరు కూర్చుండి విప్పవలెను. త్వరణము, బలము, భారము తెలుగునను హిందీలోను ఒకటే. సాంద్రతను హిందీలో ఘనత్వమందురు. ఇట్టి మాటలకు మూడు భాషల పట్టిక ఒకటి అమ్మాయిచేత వ్రాయించితిని. అది నలుబది పుటల నోటుపుస్తకమైనది.

రెండవ లోపము లెక్కలలో కనబడినది. సూత్రము సరిగానే వ్రాసి, పది యొక్క ఘాతములవద్ద, నిష్పత్తులవద్ద, లాగరిథములవద్ద తప్పినది. ఇవి 12వ తరగతి తప్పులు కావు. తొమ్మిదవ, పదవ తరగతులలో పడిన గుంటలు. మూడవ లోపము ప్రయోగములలో ఉన్నది. సి.బి.ఎస్.ఇ. పద్ధతిలో ఈ విషయములకు వ్రాతపరీక్ష 70, ప్రయోగములు 30. స్నేహితురాలి రికార్డు చూచి వ్రాసినందున ప్రయోగపు మార్కులు చక్కగానే వచ్చినవి. కాని చేతితో చేయని ప్రయోగమునుండి వ్రాతపరీక్షలో ప్రశ్న వచ్చినపుడు కలము కదలలేదు.

మా నాయన చెప్పుచుండెడివాడు: ఒకచోట పట్టా క్రింద కంకర క్రుంగినంత మాత్రమున లైనంతయు పాడైనదని ఎవ్వరును అనరు. ఆ కొంత దూరమునకు కాషన్ ఆర్డరు ఇత్తురు. బండి నెమ్మదిగా పోవును. గాంగువారు స్లీపర్ల క్రింద కంకర గట్టిగా కూరి సరిచేసినపిదప మునుపటి వేగమే. మన పిల్లల విషయమున మాత్రము మనము క్రుంగిన చోటు వెదకము, లైనునే మూసివేయుదుము. లేదా కాషన్ ఆర్డరు చింపి పారవేసి, కోచింగు అను పేర పూర్ణవేగముతో బండిని తోలుదుము.

ఆ యేడు అమ్మాయిని ప్రవేశపరీక్షకు పంపలేదు. రెండు పడవలలో కాళ్ళు వద్దంటిని. ఉత్తీర్ణులైనవారు మరుసటి సంవత్సరపు ప్రధాన పరీక్షలో తమకు కావలసిన విషయములకు మరల కూర్చొనుటకు సి.బి.ఎస్.ఇ. నియమము కలదు, ఆంధ్రదేశమున దీనినే బెటర్‌మెంటు అందురు. ఛత్తీస్‌గఢ్ బోర్డువారు 2024 నుండి ఏటా రెండవ ప్రధాన పరీక్షయు జరుపుచున్నారు. అమ్మాయి భౌతిక, రసాయనములు రెంటికే కట్టినది. మొదటి మూడు నెలలు 12వ తరగతి పుస్తకము తెరువనే లేదు. పదవ తరగతి లెక్కలు చేసినది. ఇరుగుపొరుగువారు నవ్విరి. అక్కయు బెదరినది. లోకో పైలటైన మా బావగారు మాత్రము, "సిగ్నలు పడువరకు బండి ఆగవలసినదే" అని ఊరకుండిరి.

ఫలితము చెప్పెదను. భౌతికశాస్త్రములో 57, రసాయనములో 58, జీవశాస్త్రములో మునుపటి 61. మొత్తము 176. ఇవి గొప్ప మార్కులు కావు. కాని అడ్డుగానున్న ద్వారము తెరచుకొన్నది.

ఇక రెండవ ద్వారము నీట్ పరీక్ష. ఇక్కడ తల్లిదండ్రులు తరచుగా పొరపడు మూడు సంగతులు విన్నవించెదను. మొదటిది: సొమ్మున్నచో ప్రైవేటు కళాశాలలో ఇది లేకయే సీటు దొరకునను భ్రమ. 2016లో దంతవైద్యుల చట్టమును సవరించిన పిదప ప్రభుత్వ, ప్రైవేటు కళాశాలలన్నిటికిని ఈ పరీక్షయే. రెండవది: 50 శాతము వేరు, 50 పర్సెంటైలు వేరు. 50 పర్సెంటైలనగా పరీక్ష వ్రాసినవారిలో సగముమందికి తక్కువ కాని స్థానము. దానికి వలయు మార్కులు ఏటేట మారును. సీట్లు మిగిలిపోయినందున 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బి.డి.ఎస్. కొరకు 10 పర్సెంటైల్ తగ్గింప నాదేశించినది. అట్టి తగ్గింపు ఏటేట వచ్చునని ఆశపడరాదు. వచ్చినను అది పర్సెంటైలుకే గాని, 12వ తరగతిలోని 50 శాతపు నియమమునకు కాదు. మూడవది: తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములలోనే లభించును. బిలాస్‌పూరులో వ్రాయు మన బిడ్డ ఇంగ్లీషునో హిందీనో ఎన్నుకొనవలెను. కనుక ఏ భాషలో వ్రాయునో ఆ భాషలోనే కనీసము ఒక సంవత్సరము చదువవలెను.

180 ప్రశ్నలలో 90 జీవశాస్త్రము నుండి వచ్చును గనుక, భౌతికశాస్త్రమును విడిచిపెట్టినను గట్టెక్కవచ్చునని కొందరు బోధింతురు. గట్టెక్కిన తరువాత సంగతి? దంతవైద్యము నాలుగేండ్ల చదువు, ఒక యేడు ఇంటర్న్‌షిప్పు. అందులో జీవరసాయనము కలదు, పన్ను నింపు పదార్థముల శాస్త్రము కలదు, ఎక్స్-రే కలదు. ఒక చిన్న ఉదాహరణము చాలును. నోటిలో పి.హెచ్. సుమారు 5.5కు దిగినచో పంటిపై పింగాణి కరుగ నారంభించును. తటస్థ స్థితి 7. భేదము ఒకటిన్నరయే కదా యని, లాగరిథము రాని విద్యార్థి తలచును. వచ్చినవాడు ఆమ్లత్వము 30 రెట్లకు మించినదని గ్రహించును. మా అమ్మాయి ఈ లెక్కను తానే చేసికొని వచ్చి నాకు చూపిన దినమున, ఆమెకు సైన్సు పట్టినదని నేను నమ్మితిని. మార్కులు వచ్చిన దినమున కాదు.

ఒకప్పుడు మన దేశమున ఈ విద్యకు కళాశాలయే లేదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమున చదివి వచ్చిన డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మద్ 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. నేడు అంత దూరము పోనక్కరలేదు. రాయపూరులో ప్రభుత్వ కళాశాల కలదు, బిలాస్‌పూరు పొలిమేరలలోనే ప్రైవేటు కళాశాలలున్నవి. దూరము తగ్గినది. ఆ దూరమును దాటుటకు వలయు పునాదిని మాత్రము మనమే ఇంట వేసికొనవలెను.

తల్లిదండ్రులారా! పట్టికలో తక్కువ అంకె కనబడినపుడు బిడ్డ ముఖము చూడకుడు. జవాబు పత్రము చూడుడు. తప్పు భాషలోనిదా, లెక్కలోనిదా, చేతిపనిలోనిదా యని విడదీయుడు. రోగమొకటి, మందొకటి కారాదు. ఒక సంవత్సరము పోవునని భయపడకుడు. నేను ఆ సంవత్సరమును మిగిల్చుకొంటిని. దానికి బదులు ఒక ప్రశ్నను 25 ఏండ్లు మోసితిని.

మా మేనకోడలు ఈ పరీక్షకు త్వరలో దరఖాస్తు పెట్టనున్నది. సీటు వచ్చునో రాదో నేను చెప్పజాలను. నిన్న సాయంకాలము ప్రక్క క్వార్టరులోని ముసలమ్మ గుడాకు డబ్బీ చేత పట్టుకొని గడపలో కూర్చుండగా, అమ్మాయి ఆమె చెంత కూర్చుండి, "అమ్మమ్మా, ఒక్కసారి నోరు తెరువుము" అని చేతిదీపము వేసి అంగిలి చూచుచుండెను. తెల్లని మచ్చయేదియు లేదని చెప్పి, అయినను ఒకసారి డాక్టరునకు చూపుమని బ్రతిమాలినది. మా నాయనమ్మను ఆ మాట అడిగినవారు లేకపోయిరి.