ఒంటి చెయ్యా, రెండు చేతులా? వల విసరడం గురించి నాలుగు మాటలు

(సంఘం యువజన సమావేశం, డోంగ్లి. ప్రసంగ పాఠం)

  మీలో చాలామంది మా హాస్టళ్లలో చదివి వెళ్లినవాళ్లే.

హాస్టల్ వార్డెన్లు చదువు గురించో, క్రమశిక్షణ గురించో మాట్లాడతారని మీరు అనుకుని ఉంటారు. ఈ రోజు మేము విసురు వల గురించి మాట్లాడదలచుకున్నాం. మన డోంగ్లికి మంజీర దగ్గర. వానాకాలం వస్తే వాగులు, వర్రెలు పారుతాయి, చెరువులు మత్తడి దుంకుతాయి. సెలవులకు ఇండ్లకు పోయిన పిల్లలు పుస్తకం కన్నా ముందు వల పట్టుకుంటారని మాకు తెలుసు. అప్పుడు వాళ్ల మధ్య ఒక పంతం నడుస్తుంది. ఒంటి చేత్తో వల విసిరినవాడే మొనగాడని, రెండు చేతులు వాడేవాడికి ఇంకా పని రాలేదని అంటారు. ఆ మాట తప్పు. ఆ పంతం ప్రాణం మీదికి కూడా తెస్తుంది. అందుకే దీని గురించి వివరంగా చెప్పుకుందాం.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. చేపలు పట్టడం మన తాతల వృత్తి కాదు. వాళ్లు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగిన లదేణి వాళ్లు. వల పని మన ప్రాంతంలో గంగపుత్రులది, ముదిరాజులది. వాళ్ల దగ్గర నేర్చుకోవడంలో చిన్నతనం లేదు. నేర్చుకునేటప్పుడు గురువు అన్న గౌరవంతోనే నేర్చుకోవాలి.

ఇక వల సంగతి. విసురు వల గుండ్రంగా ఉంటుంది. అంచు పొడవునా సీసం గుండ్లు ఉంటాయి. నడుమ కొనకు చేతి తాడు కట్టి ఉంటుంది. చాలా వలల్లో అంచును లోపలికి మడిచి సంచుల్లా కుడతారు. వల పళ్లెంలా విచ్చుకుని నీళ్ల మీద పడాలి. గుండ్లు బరువుకు గబగబా దిగి చేపల చుట్టూ కంచె కట్టాలి. తాడు నెమ్మదిగా లాగితే అంచు అంతా దగ్గరికొస్తుంది, చేప ఆ సంచుల్లో చిక్కుతుంది. వల మూటలా పడితే చేపకు చప్పుడు మాత్రమే అందుతుంది. అది ఎటో వెళ్లిపోతుంది. కాబట్టి పనంతా వల విచ్చుకోవడంలోనే ఉంది.

ఒంటి చేతి విసురులో ఎడమ చేతిలో తాడు చుట్టలు మాత్రమే ఉంటాయి. వల మొత్తం మడతలుగా కుడి చేతిలోకి తీసుకుని ఒక్క ఊపులో తిప్పి వదులుతారు. చిన్న వలకు, మోకాలి లోతు వాగుకు, ఒడ్డున తుమ్మ కొమ్మలుండి ఒళ్లు తిప్పే చోటు లేనప్పుడు ఇది బాగుంటుంది. త్వరగా అయిపోతుంది. చేపల గుంపు కనబడిన క్షణంలో విసరొచ్చు.

రెండు చేతుల విసురులో వల అంచులో కొంత భాగాన్ని ఎడమ మోచేతి మీద గానీ భుజం మీద గానీ వేసుకుంటారు. మిగిలిన అంచు కుడి చేతిలో ఉంటుంది. కాళ్లు ఎడంగా పెట్టి, నడుమును ఒక పక్కకు తిప్పి, తిరిగి నీళ్ల వైపు తిరుగుతూ విసురుతారు. కుడి చెయ్యి ముందు వదులుతుంది, ఆ వెంటనే మోచేతి మీది భాగం జారిపోతుంది. ఈ వెనకాముందు తేడా వల్లనే వల గుండ్రంగా తిరుగుతుంది, ఆ తిరుగుడుకు గుండ్లు బయటికి పరుచుకుంటాయి. రెండూ ఒకేసారి వదిలితే వల విచ్చుకోదు. ఇక్కడ బలం నడుముది, చేతులది దారి చూపే పని మాత్రమే.

పెద్ద వలకు రెండు చేతులు ఎందుకు కావాలో లెక్క వేసి చూడండి. నడి కొన నుంచి అంచు దాకా 4 అడుగులున్న వల పూర్తిగా విచ్చుకుంటే దాదాపు 50 చదరపు అడుగుల నీళ్లను కప్పుతుంది. అదే 8 అడుగుల వల దాదాపు 200 చదరపు అడుగులు కప్పుతుంది. కొలత రెండింతలైతే కప్పే చోటు నాలుగింతలు. అంచు చుట్టుకొలత 25 అడుగుల నుంచి 50 అడుగులకు పెరుగుతుంది, అంటే సీసం బరువు కూడా రెండింతలు. వల తడిస్తే ఇంకా బరువు. దీన్ని ఒక్క మణికట్టు మీద తిప్పాలని చూస్తే వల సగమే విచ్చుకుంటుంది, భుజం పట్టేస్తుంది. పదో తరగతి వృత్తం లెక్క పరీక్ష తర్వాత కూడా పనికొస్తుందని మా పిల్లలకు చెప్పేది ఇందుకే.

ఇది మన దగ్గరి ముచ్చటే కాదు. స్కాట్లాండ్‌లో స్పే అనే నది ఉంది. అక్కడ సాల్మన్ చేపలను గాలంతో పడతారు. మామూలు ఒంటి చేతి కర్ర 9 అడుగుల దగ్గర ఉంటుంది, దానితో విసరాలంటే దారాన్ని ముందు వెనక్కి పంపాలి. ఒడ్డున చెట్లు, నిట్రమైన గట్లు ఉన్న చోట దారం వెనక కొమ్మలకు చిక్కుకుంటుంది. అందుకని అక్కడివాళ్లు 12 నుంచి 15 అడుగుల పొడవున్న కర్రను రెండు చేతులతో పట్టుకుని, దారాన్ని వెనక్కి పూర్తిగా పోనివ్వకుండా నీళ్ల మీదనే మలిపి ముందుకు విసిరే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతికి ఇప్పటికీ ఆ నది పేరే ఉంది. మన వాగులో ఒడ్డు ఇరుకైతే ఒక చెయ్యి మేలు, వాళ్లకు ఒడ్డు ఇరుకైతే రెండు చేతులు మేలు. చెయ్యి ఎన్ని అన్నది మగతనం తేల్చదు. వల ఎంతది, నీళ్లు ఎట్లా ఉన్నాయి, నిలబడే చోటు ఎంత అన్నవి తేలుస్తాయి.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. వల బరువు మోయలేమని మీరు వెనక్కి తగ్గొద్దు. రెండు చేతుల పద్ధతిలో బరువు మోచేతికి, భుజానికి, నడుముకు పంచుకుపోతుంది. సన్నటి పిల్లలు కూడా మధ్యరకం వలను గుండ్రంగా విసరగలరు. మన రాష్ట్రంలో మహిళా మత్స్య సహకార సంఘాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అసలు భయం చెబుతాం. చేతి తాడు చివర ఎడమ మణికట్టుకు తగిలిస్తారు. కొందరు దాన్ని బిగుసుకునే ముడిగా కడతారు. వల నీళ్లలోని మొద్దుకు చిక్కుకుంటే, లేదా ప్రవాహం పెరిగితే, ఆ ముడి మనిషిని లోపలికి లాగుతుంది. తాడు ఉచ్చు ఎప్పుడూ వదులుగా ఉండాలి. వేళ్లు ముడిచి చెయ్యి లాగితే జారిపోవాలి. వల పోతే కొనుక్కోవచ్చు. నీళ్లలోకి దిగే ముందు ఒడ్డున పదిసార్లు ఆ ఉచ్చు తీసి చూసుకోండి.

మన నదికి ఇంకో గుణం ఉంది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ మనకు పైన ఉంది. అక్కడ గేట్లు ఎత్తితే ఇక్కడ ఎండగా ఉన్నా నీళ్లు పెరుగుతాయి. ఇసుక తీసిన చోట గుంతలు నీళ్ల కింద కనబడవు. మోకాలి లోతు అనుకున్న చోట రెండు అడుగులు జరిగితే మెడ లోతు ఉండొచ్చు. పెద్ద వల విసిరేటప్పుడు ఒళ్లు తిరుగుతుంది కాబట్టి కాలు జారే అవకాశం ఎక్కువ. అందుకని రెండు చేతుల విసురును ముందు ఎండిన పొలంలో, రాళ్లు లేని చోట నేర్చుకోవాలి. ముగ్గుపిండితో ఒక గుండ్రం గీసి అందులో వల పడేదాకా విసరండి. ఈత రానివాళ్లు పుట్టి మీద గానీ థర్మాకోల్ తెప్ప మీద గానీ నిలబడి వల విసరొద్దు. ఒక్కరే పోవద్దు. డ్యామ్ నీళ్లు వదులుతున్నారని దండోరా వేసినా, ఫోన్లో సందేశం వచ్చినా ఆ రోజు నది వైపు పోవద్దు.

వల ఎక్కడ వేయకూడదో కూడా తెలియాలి. నాచు, గుర్రపుడెక్క ఉన్న చోట విసురు వల పనిచేయదు, చిక్కుపడి చిరుగుతుంది. నీళ్లు మరీ లోతైతే వల అడుగుకు చేరేలోపే చేప కింది నుంచి జారుకుంటుంది. 2016లో మన రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను తన పిల్లల గుంపును కాపలా కాస్తుంది. ఎర్రటి చిన్నపిల్లల గుంపు నీళ్ల పైన కదులుతుంటే కింద పెద్ద చేప ఉందని తెలిసిపోతుంది. అప్పుడు వల వేస్తే పిల్లలన్నీ దిక్కులేనివవుతాయి. బొచ్చె, రోహు లాంటివి వానాకాలంలోనే గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో వల పక్కన పెట్టాలి. మరీ సన్నకండ్ల వల వాడితే వచ్చే ఏడాది చేపను ఈ ఏడే తినేసినట్టు.

చివరగా హక్కు గురించి. ఊరి చెరువులో చేపలు సాధారణంగా మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటాయి. సభ్యత్వం లేకుండా వల వేస్తే ఎంత బాగా విసిరినా దొంగతనం కిందికే వస్తుంది, తగాదాలవుతాయి. సభ్యత్వం కావాలంటే నైపుణ్య పరీక్ష ఉంటుంది. ఈత కొట్టి, వల విసిరి, వల అల్లి చూపించమంటారు. 2018 చట్టంతో మన తండాలు చాలావరకు గ్రామ పంచాయతీలయ్యాయి. మీ ఊరి చెరువు ఏ సంఘం కింద ఉంది, కొత్తవాళ్లను ఎట్లా చేర్చుకుంటారు అన్నది జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఆ పరీక్ష రోజు మీ వల గుండ్రంగా పడిందా లేదా అని చూస్తారు. దానికి ఒక్క చెయ్యి వాడారా, రెండు వాడారా అని ఎవరూ అడగరు.

డిగ్రీ చదివి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు ఈ పనిని తక్కువగా చూడొద్దు. రెండు విసుర్లూ నేర్చుకోండి. ఈత ముందు నేర్చుకోండి. మీ తమ్ముళ్లు వాగుకు పోతుంటే వాళ్ల చేతి తాడు ముడి మీరే ఒకసారి తడిమి చూడండి. మీరు క్షేమంగా ఇంటికి రావాలి, సెలవులయ్యాక హాస్టళ్లకు పిల్లలందరూ తిరిగి రావాలి. మేము కోరేది అంతే.