కొత్త పరుపు మరీ గట్టిగా ఉందా? తిరిగి ఇచ్చేముందు ఇవి చెక్ చేయండి

ఆన్‌లైన్‌లో పరుపు ఆర్డర్ పెట్టారు. 12 వేలో, 18 వేలో పోశారు. ఈఎంఐ ఇంకా మొదలే కాలేదు. తీరా పడుకుంటే బండ మీద పడుకున్నట్టుంది. పొద్దున్నే లేచేసరికి భుజం పట్టేసింది, నడుము లాగుతోంది. ఇంట్లో చెప్తే అందరిదీ ఒకటే డైలాగ్: "గట్టిదే మంచిది, అలవాటవుతుందిలే." ఇప్పుడు ఏం చేయాలి? ఓర్చుకోవాలా, మార్చాలా, పైన ఇంకో పొర కొనాలా? ఈ ఎపిసోడ్‌లో ఇదే మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. వీడియో పాజ్ చేసి, మీ ఆర్డర్ మెసేజ్ తీసి, ట్రయల్ ఆఖరి తేదీ ఎప్పుడో చూడండి. ఫోన్ క్యాలెండర్‌లో దానికి 10 రోజుల ముందుకి ఒక రిమైండర్ పెట్టండి. "చూద్దాంలే" అనుకుంటూ ఆ తేదీ దాటిపోతే, ఇక మిగతా పాయింట్లు ఎన్ని తెలిసినా సగం ఉపయోగమే.

సరే, మొదట గట్టి అంటే ఏంటో చూద్దాం. షాపులో "సార్, ఇది 40 డెన్సిటీ, చాలా గట్టి" అంటారు. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. డెన్సిటీ అంటే ఒక క్యూబిక్ మీటర్ ఫోమ్ ఎన్ని కిలోలు ఉంటుందో చెప్పే లెక్క. అది ఎక్కువగా మన్నికకు సంబంధించింది. గట్టిదనాన్ని వేరే టెస్టుతో కొలుస్తారు. ఒక గుండ్రటి పలకతో ఫోమ్‌ని నొక్కి, దాని మందంలో 25 శాతం లోపలికి వెళ్ళడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. కాబట్టి ఎక్కువ డెన్సిటీ ఉన్నా మెత్తగా ఉండే ఫోమ్ ఉంటుంది, తక్కువ డెన్సిటీతో గట్టిగా ఉండేదీ ఉంటుంది. ఇక "ఆర్థో" అనే పేరు చూసి డాక్టర్ రాసిచ్చిన మందులా ఫీల్ అవ్వకండి. అలా పేరు పెట్టిన పరుపుల్లో చాలా వాటిలో కొబ్బరి పీచు పొరో, రీబాండెడ్ ఫోమో ఉంటుంది. రీబాండెడ్ అంటే ఫోమ్ ముక్కల్ని జిగురుతో కలిపి నొక్కి చేసిన దిమ్మ. గట్టిగా ఉండకపోతే ఆశ్చర్యపోవాలి.

ఇప్పుడు పెద్దవాళ్ళ మాటకి వద్దాం. "గట్టి పరుపు నడుముకి మంచిది." చాలా ఏళ్ళు డాక్టర్లు కూడా ఇదే చెప్పారు. 2003లో లాన్సెట్ జర్నల్‌లో స్పెయిన్ నుంచి ఒక స్టడీ వచ్చింది. ఫ్రాన్సిస్కో కోవాక్స్ టీమ్ చేసింది. చాలా కాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపు ఇచ్చారు. ఎవరికి ఏది వచ్చిందో వాళ్ళకి చెప్పలేదు. 90 రోజుల తర్వాత చూస్తే, మధ్యస్థం పరుపు వచ్చినవాళ్ళకే నొప్పి ఎక్కువగా తగ్గింది. ఇక్కడ ఒక జాగ్రత్త. మెత్తటి పరుపు మంచిదని ఈ స్టడీ చెప్పలేదు, అసలు దాన్ని టెస్టే చేయలేదు. కానీ "ఎంత గట్టిదైతే అంత మంచిది" అన్న మాటకి మాత్రం ఇది సరిపోయే జవాబు.

ఇక అసలు పాయింట్. ఒకే పరుపు ఒకరికి రాయి, ఇంకొకరికి దూది. ఇది మా ఇంట్లోనే చూశాను. నాన్న 82 కిలోలు, అమ్మ 51 కిలోలు. షాపుకెళ్ళి నాన్నే చూసి కొన్నారు, ఆయనకి సూపర్‌గా ఉంది. నేను సంక్రాంతికి ఇంటికెళ్తే, అమ్మ హాల్లో దివాన్ మీద పాత బూరుగుదూది పరుపు వేసుకుని పడుకుంటోంది. ఏంటమ్మా అంటే, "ఫ్యాన్ గాలి ఇక్కడ బాగుంటుందిరా" అంది. జనవరిలో ఫ్యాన్ గాలి! రెండు మూడుసార్లు అడిగితే అప్పుడు చెప్పింది. పక్కకి తిరిగితే భుజం నొప్పి, తుంటి దగ్గర నొప్పి. "అంత డబ్బు పోసి కొన్నాం కదరా, ఇప్పుడు బాలేదంటే మీ నాన్న బాధపడతారు." అంటే మూడు వారాలు ఆవిడ అలాగే పడుకుంది. నాన్నకేమో నిజంగానే ఫ్యాన్ గాలి కోసమని నమ్మకం.

ఎందుకిలా అంటే, బరువు ఎక్కువున్న మనిషి పడుకుంటే ఫోమ్ నొక్కుకుని ఒంటి ఆకారానికి ఒదుగుతుంది. తక్కువ బరువున్నవాళ్ళు అదే ఫోమ్‌ని నొక్కలేరు. అప్పుడు బరువంతా భుజం, తుంటి, రెండు మూడు పాయింట్ల మీదే పడుతుంది. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి రివ్యూల్లో "ఫర్మ్‌నెస్ పర్ఫెక్ట్" అని ఎవరైనా రాస్తే, ఆ మనిషి బరువెంత, ఎలా పడుకుంటాడు అన్నది తెలియకుండా ఆ రివ్యూ మీకు పనికిరాదు.

ఓకే, ఇప్పుడు చెకింగ్. కోడ్‌లో బగ్ వెతికినప్పుడు ఒకసారికి ఒకటే మారుస్తాం కదా, ఇక్కడా అదే రూల్. ఒకటి మార్చండి, మూడు నాలుగు రాత్రులు చూడండి, పొద్దున్నే ఫోన్ నోట్స్‌లో ఒక్క లైన్ రాయండి: ఎక్కడ నొప్పి, పదికి ఎంత. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలీదు.

మొదటిది, చేతి టెస్ట్. వెల్లకిలా పడుకోండి. నడుము కింద ఖాళీలోకి అరచెయ్యి పెట్టమని ఇంట్లో ఎవరినైనా అడగండి. చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకి ఈజీగా వెళ్ళిపోయి ఇంకా గ్యాప్ మిగిలితే, పరుపు మీకు గట్టిది. చెయ్యి అసలు దూరకపోతే, మెత్తది. కొంచెం ఒరుసుకుంటూ వెళ్తే, దాదాపు సరిపోయినట్టే. ఇది ల్యాబ్ టెస్ట్ కాదు, అంచనా అంతే.

రెండోది, నిజంగా గట్టిదేనా, లేక పలుచనా? 4 అంగుళాల పరుపు మీద పడుకుంటే, మొదట మెత్తగా దిగి తర్వాత కింద ప్లైవుడ్ తగులుతుంది. మనకి అది "గట్టి పరుపు" అనిపిస్తుంది. మోకాలు పెట్టి నొక్కి చూడండి. మెత్తగా దిగి, సడెన్‌గా చెక్క తగిలితే సమస్య మందంది. మొదటి నుంచే దిగకపోతే, అది గట్టి పరుపు. రెండింటికీ మందు వేరు.

మూడోది, పరుపు తిరగేసి చూడండి. మన దగ్గర డ్యూయల్ కంఫర్ట్ పరుపులు బాగా అమ్ముతారు. ఒక వైపు గట్టి, ఒక వైపు మెత్త. డెలివరీ బాయ్ ఎలా వేసి వెళ్తే అలాగే పడుకుంటున్నవాళ్ళు చాలా మంది. కవర్ మీద లేబుల్ చూడండి. తిప్పకూడదు అని రాసి ఉంటే మాత్రం తిప్పకండి.

నాలుగోది, టైమ్. చుట్టచుట్టి వ్యాక్యూమ్ ప్యాక్‌లో వచ్చిన పరుపు పూర్తిగా పొంగడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కొత్త ఫోమ్ కొన్ని వారాల్లో కాస్త సడలుతుంది కూడా. అందుకే "అలవాటవుతుంది" అన్న మాట సగం నిజం. కానీ కొబ్బరి పీచు, రీబాండెడ్ దిమ్మ నెలలో మెత్తబడతాయని ఆశ పెట్టుకోవద్దు. నా లెక్క మూడు, నాలుగు వారాలు. మీ నోట్స్‌లో నంబర్ వారం వారం తగ్గుతుంటే ఆగండి. అలాగే ఉన్నా, పెరిగినా ఆగకండి.

ఐదోది ఏసీ. మెమరీ ఫోమ్‌ని 1966లో చార్లెస్ యోస్ట్ నాసా పని మీద, విమాన సీట్ల కుషన్ కోసం తయారు చేశాడు. దాని గుణం ఏంటంటే, వెచ్చగా ఉంటే మెత్తబడుతుంది, చల్లగా ఉంటే గట్టిపడుతుంది. మీరు ఏసీ 18లో పెట్టి, చల్లటి పరుపు మీదకి ఎక్కి, గట్టిగా ఉంది అంటే అది దాని తప్పు కాదు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు డిఫాల్ట్‌గా 24తోనే ఆన్ అవ్వాలని రూల్ ఉంది. ఆ 24లోనే నాలుగు రాత్రులు ఉంచి చూడండి. కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది. అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ళకి చలికాలంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మంచులో బయట ఉండిపోయిన బాక్స్ విప్పితే ఆ పరుపు పొంగడానికే టైమ్ పడుతుంది. గది వెచ్చబడే దాకా జడ్జ్ చేయొద్దు.

ఆరోది, పైన వేసిన ప్రొటెక్టర్. సాగని, మందపాటి వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్‌ని నాలుగు మూలలా బిగించి లాగితే అది డోలు మీద తోలులా ఉంటుంది. కింద ఫోమ్ మెత్తగా ఉన్నా ఒంటికి ఆ బిగుతే తగులుతుంది. ఒక్క రాత్రి అది తీసేసి, వదులుగా దుప్పటి మాత్రం వేసి చూడండి. మరక పడకుండా జాగ్రత్త, దాని సంగతి తర్వాత చెప్తా.

ఏడోది దిండు. మెత్త అనండి, దిండు అనండి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత పరుపులో భుజం లోపలికి దిగేది కాబట్టి పలుచటి దిండు సరిపోయేది. గట్టి పరుపులో భుజం దిగదు, తలకీ పరుపుకీ మధ్య దూరం పెరుగుతుంది. పాత దిండే వాడితే మెడ పక్కకి వంగిపోతుంది. మెడ నొప్పికి పరుపుని తిడుతుంటాం. పక్కకి పడుకునేవాళ్ళు దిండు కొంచెం ఎత్తు పెంచండి, మోకాళ్ళ మధ్య ఇంకో దిండు పెట్టండి. వెల్లకిలా పడుకునేవాళ్ళు మోకాళ్ళ కింద పెట్టండి, నడుము మీద లాగుడు తగ్గుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా గట్టిగానే ఉంటే, టాపర్ కొనే ముందు ఒక ఫ్రీ టెస్ట్ ఉంది. బొంత! పాత చీరలతో కుట్టిన బొంత, ఇంట్లో ఏ అటక మీదో ఉంటుంది. లేకపోతే రెండు మందపాటి రగ్గులు. మడతపెట్టి, భుజం నుంచి తుంటి దాకా వచ్చేలా పరుపు మీద వేసి వారం పడుకోండి. నొప్పి తగ్గితే, మీకు పైన మెత్తటి పొర ఒకటి చాలు, పరుపు మార్చక్కర్లేదు. బొంతతో ఏ మార్పూ లేకపోతే టాపర్ మీద నాలుగైదు వేలు పెట్టే ముందు ఆలోచించండి.

అమ్మకి ఇదే చేశాం. దిండు మారిస్తే మెడ సర్దుకుంది, భుజం సర్దుకోలేదు. బొంత వేస్తే నాలుగో రోజుకి హాల్లోంచి గదిలోకి వచ్చేసింది. తర్వాత ఆవిడ వైపు మాత్రమే, సింగిల్ సైజులో, 2 అంగుళాల లేటెక్స్ టాపర్ తెచ్చాం. మధ్యలో చిన్న మెట్టు వచ్చింది. నాన్న దాన్ని చూసి, "పొలం పంచుకుని గట్టు వేసినట్టుంది" అన్నారు. కానీ ఇద్దరూ నిద్రపోతున్నారు.

టాపర్ కొనేవాళ్ళకి: 1 అంగుళం పెద్ద తేడా ఇవ్వదు, 2 అంగుళాలు చూడండి. గది బాగా చల్లగా ఉంచేవాళ్ళు మెమరీ ఫోమ్ కంటే లేటెక్స్ చూసుకుంటే మంచిది, చలికి అది అంతగా గట్టిపడదు. ఇంకా పరుపు కొననివాళ్ళకి ఒక ఐడియా: ఇద్దరి బరువులకీ బాగా తేడా ఉంటే, 72 అంగుళాల వెడల్పు మంచానికి ఒకే కింగ్ బదులు 36 అంగుళాల సింగిల్స్ రెండు కొనండి. మందం ఒకటే, గట్టిదనం ఎవరిది వాళ్ళది. పైన ఒకటే దుప్పటి. మన నవారు మంచాల్లో ఈ సౌకర్యం ఎప్పుడో ఉంది కదా, వదులైతే విప్పి బిగించుకునేవాళ్ళు. ఎవరి మంచం వాళ్ళది, ఎవరి బిగువు వాళ్ళది.

ఇక వాపసు. 100 రాత్రుల ట్రయల్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కండిషన్లు చిన్న అక్షరాల్లో. నాలుగు చూడండి. ఒకటి, ఇన్ని రోజులు వాడాకే రిటర్న్ అనే కనీస గడువు ఉందా. రెండు, డబ్బు వాపసా, లేక ఎక్స్‌చేంజ్ మాత్రమేనా. మూడు, మీరు కొన్న చోటకి ఆ ట్రయల్ వర్తిస్తుందా. కంపెనీ సైట్‌లో కొంటేనే ట్రయల్, వేరే యాప్‌లో కొంటే లేదు అనే కండిషన్ చాలా చోట్ల ఉంటుంది. నాలుగు, మరక, చిరుగు ఉంటే తీసుకుంటారా. అందుకే మరక జాగ్రత్త అన్నాను. లేబుల్ చింపకండి, కవర్ కోయకండి. రిక్వెస్ట్ ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి, తేదీతో సహా రుజువుంటుంది. రాసిచ్చిన ట్రయల్‌ని కంపెనీ ఒప్పుకోకపోతే, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబర్ 1915. ఫోన్‌కి డబ్బు పడదు. బిల్లు, మెయిల్, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని కాల్ చేయండి.

ఆఖరిగా సీరియస్ విషయం. నొప్పి కాలిలోకి పాకుతుంటే, కాలో చెయ్యో తిమ్మిరి వదలకపోతే, బలం తగ్గినట్టుంటే పరుపు ప్రయోగాలు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మూత్రం మీద కంట్రోల్ పోతే అదే రోజు, అదే గంటలో హాస్పిటల్. ఇది పరుపుతో తీరేది కాదు.

ఒక చిన్న హోమ్‌వర్క్. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నారా" అని అడుగుతాం కదా, ఈసారి "నిద్ర పడుతోందా, ఎక్కడ పడుకుంటున్నారు" అని కూడా అడగండి. డబ్బు పోసి కొన్నారని నొప్పి దాచుకునేవాళ్ళు మన ఇళ్ళలో చాలా మంది ఉన్నారు. ట్రయల్ తేదీ వాళ్ళకి తెలియదు, మీకు తెలుసు.

మీ పరుపు ఏ రకం, ఏ చెక్ పని చేసిందో కామెంట్‌లో రాయండి. కొత్తగా పరుపు కొన్న ఫ్రెండ్ ఉంటే ఇది పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, అప్పటిదాకా హాయిగా నిద్రపోండి. బై.