గాలిదుమ్ము తగ్గాక యింట్లో ఏం చేయాలి?



వేసవిలో వంశధార ఎండి ఇసుక తేలినప్పుడు, శ్రీముఖలింగంలో సాయంత్రంపూట వచ్చే ఈదురుగాలి ఎలా వుంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఏటి ఇసుకా, కోసిన చేల మన్నూ, కళ్ళంలోని పొట్టూ అన్నీ కలిసి యింట్లోకి వచ్చి కూర్చుంటాయి. అరగంటలో గాలి తగ్గిపోతుంది. ‘హమ్మయ్య’ అనుకుని చీపురు అందుకుంటాం. అసలు పొరపాటు అక్కడే జరుగుతోంది.

ఒక యింట్లో ఆయాసం వున్న మామ్మ నాతో ఏమన్నదో వినండి. “గాలొచ్చినప్పుడు బాగానే ఉన్నాను బాబూ. ఇల్లు తుడిసినప్పుడే నాకు ఊపిరాడ్లేదు” అన్నది. ఆ మాటలో చాలా నిజం వుంది. తుడిచిన కోడలి తప్పేమీ లేదు. ఆమె యింటి శుభ్రం కోసమే పాటుపడింది. కాని పొడి చీపురు దుమ్మును బైటికి పంపినదానికంటె పైకి లేపిందే ఎక్కువ.

దుమ్ములో రెండు రకాలున్నాయి. కంటికి కనిపించే ఇసుక కొద్ది నిమిషాల్లోనే నేలకు దిగుతుంది. మన ముక్కు దాన్ని చాలావరకు ఆపగలదు కూడా. రెండోది తల వెంట్రుక మందంలో ముప్ఫయ్యోవంతు మాత్రమే వుండే సన్నని ధూళి. ఇది గంటల తరబడి గాలిలో తేలుతూ వుంటుంది, ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. పసిపిల్లలకు, గర్భిణీలకు, ముసలివాళ్ళకు, ఉబ్బసం వున్నవాళ్ళకు దీనివల్లనే ప్రమాదం.

అంచేత ఏం చేయాలో వరసగా చెప్తాను.

గాలి వస్తున్నదని తెలియగానే పొయ్యి ఆర్పండి. పూరిళ్ళకు నిప్పు భయం కూడా వుంది గదా! తలుపులు, కిటికీలు వేసి, గడప సందులో తడి గోనె పెట్టండి. నీళ్ళకుండకూ, అన్నంగిన్నెకూ మూత వేయండి.

గాలి తగ్గగానే తలుపులు తీయకండి. వీధిలో దుమ్ము అణిగిందా లేదా చూడండి. అణిగిన తరువాత ఎదురెదురు తలుపులు బార్లా తీసి, గాలి ఆ వైపునించి ఈ వైపుకు పోనివ్వండి. ఫ్యాను మాత్రం వేయవద్దు. ముందు దాని రెక్కలు తడిగుడ్డతో తుడవాలి.

శుభ్రం చేయడం పైనుంచి మొదలుపెట్టాలి. వాసాలు, అటకలు, అలమరలు తడిగుడ్డతో తుడిచి, గుడ్డను బకెట్టులో జాడిస్తూ నీళ్ళు మారుస్తూ వుండండి. నేల చివర. మట్టినేల అయితే నీళ్ళు చిలకరించి తుడిచి, ఆపైన అలకండి. సిమెంటు నేల అయితే తడిపిన వరి ఊక చల్లి ఊడ్చి, తడిగుడ్డ పెట్టండి. పక్కబట్టలు యింట్లో దులపవద్దు. పెరట్లోకి తీసుకుపోయి, గాలి యింటివైపు వీచనప్పుడు దులపండి. ఆ పని ఆయాసం వున్నవాళ్ళు చేయకూడదు. ముక్కుకు కట్టిన తువ్వాలు ఇసుకను ఆపుతుందే గాని సన్నధూళిని ఆపదు. మందుల షాపులో దొరికే ఎన్‌-95 మాస్కు ముఖానికి బాగా అంటేలా పెట్టుకుంటే మేలు.

ఇక పొగ సంగతి. దుమ్ము పట్టిన యింటికి పొగ తోడైతే ఊపిరికి రెండింతల కష్టం. ఆ సాయంత్రం సాంబ్రాణీ, దోమల కాయిలూ మానండి. మన జిల్లాలో అడ్డపొగ చుట్ట తాగే మామ్మలున్నారు. చుట్ట మానితే అన్నివిధాలా మంచిది. మానలేనివారు గదిలో మాత్రం తాగవద్దు. పొగరాని పొయ్యి గురించి హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్‌.పి. రాజుగారు 1953లోనే పుస్తకం రాశారు. తరువాత 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం గ్యాసుబండను పల్లెలకు తెచ్చాయి. అయినా వేణ్ణీళ్ళకు కట్టెలు మండించే యిళ్ళు యింకా వున్నాయి. ఆ పొయ్యి పెరట్లో, పడకగది కిటికీకి దూరంగా వుండాలి.

రైతు సోదరులకు మరొక మాట. బోడిగా దున్ని వదిలేసిన చేను గాలికి లేస్తుంది. వరి మోళ్ళున్న చేను అంతగా లేవదు. వాన పడేదాకా మోళ్ళను వుండనివ్వండి, తగలబెట్టకండి. తొలివానకు జనుమో జీలుగో చల్లితే మన్ను నిలుస్తుంది, ఎరువూ అవుతుంది. కళ్ళాన్ని యింటికి దూరంగా వేసుకోండి.

చివరగా ముఖ్యమైన సంగతి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలమైనా, ఊపిరి తీసేటప్పుడు పిల్లవాడి డొక్కలు లోపలికి పోతున్నా, ఇంటివైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

ఈసారి గాలిదుమ్ము వచ్చినప్పుడు చీపురుకంటె ముందు నీళ్ళచెంబు అందుకోండి. మామ్మకు దగ్గు రాకుండా యిల్లు శుభ్రమైతే, అదే అసలైన శుభ్రం.